ఆప్ట్ అడిగే ప్రశ్నకు వై కొట్టే ముందు

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లో ప్రోగ్రాముల ప్యాకేజీలను దింపి ఎక్కించే కమాండ్ ఆప్ట్. ఆ డెబియన్ కొత్త విడుదల సుమారు రెండేళ్లకోసారి వస్తుంది. అది వచ్చిన కొద్ది రోజులకే కడపలో ఏదో డిగ్రీ కాలేజీ ల్యాబ్ నుంచో, కర్నూలులో ఒక చిన్న ఆఫీసు నుంచో బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న పాత స్టూడెంట్‌కు ఫోన్ వెళ్తుంది. "ఏమప్పా, అప్‌డేట్ కొడితే నిలబడిపోయింది, పేరేదో మారిందంటుంది, వై కొట్టాల్నా, ఎన్ కొట్టాల్నా?" అవతలి మనిషి మీటింగ్‌లో ఉంటాడు, "వై కొట్టు సార్, ఏం కాదు" అని పెట్టేస్తాడు. చాలాసార్లు నిజంగానే ఏమీ కాదు. కానీ అదే మాట ఇంకో మెషీన్ దగ్గర చెబితే, మరుసటి రోజుకు ఆ సిస్టమ్ సగం పాత వెర్షన్, సగం కొత్త వెర్షన్ అయి కూర్చుంటుంది. రెండు మెషీన్లలోనూ వచ్చిన మెసేజ్ దాదాపు ఒకటే. మారిన మాట ఒక్కటే వేరు. ఆ మాట ఏమిటో చదవకుండా వై కొట్టే అలవాటు మన ఊళ్ల ల్యాబ్‌లలో చాలా గట్టిగా ఉంది, దాని గురించి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి.

ముందు అసలు జరుగుతున్నది ఏమిటో చూద్దాం. ప్యాకేజీలు దింపుకునే సర్వర్ చోటును రిపాజిటరీ, పొట్టిగా రిపో అంటారు. దాదాపు ప్రతి రిపాజిటరీలో ఇన్‌రిలీజ్ అనే ఒక ఫైలు ఉంటుంది. లోపల ఉన్న ప్యాకేజీ జాబితాల చెక్‌సమ్‌లన్నీ (ఫైలు మారలేదని తేల్చే అంకెలు) అందులోనే ఉంటాయి, దాని మీద డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. అదే ఫైలు పైభాగంలో రిపో తన గురించి తాను చెప్పుకునే నాలుగైదు లైన్లు ఉంటాయి: ఆరిజిన్ (ఎవరి రిపో), లేబుల్, సూట్ (స్టేబుల్ లాంటి హోదా), వెర్షన్, కోడ్‌నేమ్ (విడుదల సొంత పేరు). మనం అప్‌డేట్ కొట్టిన ప్రతిసారీ ఆప్ట్ కొత్త ఇన్‌రిలీజ్‌ను దింపుకుని, పోయినసారి దింపి దాచుకున్న దానితో పోల్చి చూస్తుంది. ఆ లైన్లలో తేడా కనిపిస్తే చెబుతుంది, కొన్నిటికి ఆగి అడుగుతుంది. ఇది 2017లో వచ్చిన ఆప్ట్ 1.5 నుంచి మొదలైంది, స్టేబుల్ విడుదలల్లో డెబియన్ 10తో అందరి దగ్గరికీ చేరింది. అంతకు ముందు ఇవి మారినా ఎవరికీ తెలిసేది కాదు.

చేత్తో ఆప్ట్ అప్‌డేట్ అని కొడితే ప్రశ్న వస్తుంది, ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కితే 'వద్దు' అన్నట్టే లెక్క. స్క్రిప్టుల్లో ఎక్కువగా వాడే ఆప్ట్-గెట్ మాత్రం అడగదు, నేరుగా ఎర్రర్ ఇచ్చి ఆ రిపోను పక్కన పెట్టేస్తుంది. రాత్రిపూట క్రాన్‌లో (చెప్పిన టైముకు పనులు తనంతట తానే నడిపే ఏర్పాటు) నడిచే మెషీన్లలో అసలు ఇబ్బంది ఇక్కడే. ఎర్రర్ ఎవరి కంటా పడదు. పాత జాబితాలే ఉంటాయి కాబట్టి సిస్టమ్ మామూలుగానే పని చేస్తున్నట్టు కనిపిస్తుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఆ రోజు నుంచి రావు. నెలల తరబడి అలాగే ఉండిపోయే సర్వర్లు ఉంటాయి, ఎందుకంటే దాన్ని సెటప్ చేసిన మనిషి ఊళ్లో ఉండడు, రోజూ వాడేవాళ్లకు టెర్మినల్ తెరిచే పని పడదు.

సంతకం సరిగ్గానే ఉంది కదా, మరి ఆప్ట్‌కు ఈ పేర్ల గోల ఎందుకు అని అనిపించవచ్చు. సంతకం చెప్పేది ఒకటే: ఈ ఫైలు ఫలానా కీ ఉన్నవాళ్ల దగ్గరి నుంచి వచ్చింది, మధ్యలో ఎవరూ మార్చలేదు. అందులో ఉన్నది మీరు నిన్నటి దాకా వాడిన విడుదలేనా, లేక దాని తర్వాతదా అన్నది సంతకం చెప్పదు. పైగా మన సిస్టమ్‌లో కొన్ని నిర్ణయాలు ఈ పేర్ల మీదే ఆధారపడి ఉంటాయి. ప్రిఫరెన్సెస్ ఫైల్లో 'స్టేబుల్ నుంచి వచ్చే ప్యాకేజీలకు ఇంత ప్రాధాన్యం' అని పిన్ రాసి ఉంటే, రిపో తనను తాను ఓల్డ్‌స్టేబుల్ అని పిలుచుకోవడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆ పిన్ దేనికీ తగలదు. అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ కూడా అంతే, ఏ ఆరిజిన్ నుంచి, ఏ కోడ్‌నేమ్ నుంచి వచ్చినవి తనంతట తాను ఎక్కించవచ్చో ఈ పేర్లు చూసే తేల్చుకుంటుంది. డెబియన్‌లో ఆ ప్యాకేజీతో వచ్చే కాన్ఫిగరేషన్ ఫైల్లోనే ఒక హెచ్చరిక ఉంటుంది, కోడ్‌నేమ్‌తో పోల్చితే విడుదల ఎటు పోతే అటు వెంట వెళ్తుందని, సూట్‌తో పోల్చితే కొన్నాళ్లకు చడీచప్పుడు లేకుండా వేరే విడుదలకు తగులుతుందని. చాలామంది ఆ కామెంట్లను దాటేసి కింద లైను మార్చుకుంటారు. నిజానికి ఈ విషయం మొత్తం మీద అంత సూటిగా రాసిన చోటు ఇంకోటి దొరకదు.

ఇక సూట్‌కూ కోడ్‌నేమ్‌కూ ఉన్న తేడా. బుక్‌వర్మ్ అన్నది ఒక విడుదలకు పుట్టుకతో వచ్చిన పేరు, అది ఎప్పటికీ మారదు. స్టేబుల్ అన్నది ఒక స్థానం, అందులో ఈరోజు ఒకరు కూర్చుంటారు, రేపు ఇంకొకరు. కర్నూలు బస్టాండులో 'అనంతపురం బస్సు ఎక్కుతాను' అనడానికీ 'నాలుగో ప్లాట్‌ఫాం మీద ఏ బస్సు ఉంటే అది ఎక్కుతాను' అనడానికీ ఎంత తేడా ఉందో, ఏ రిపో నుంచి దింపుకోవాలో చెప్పే సోర్సెస్ ఫైల్లో బుక్‌వర్మ్ అని రాయడానికీ స్టేబుల్ అని రాయడానికీ అంత తేడా ఉంది. 2023 జూన్ 10న డెబియన్ 12 బుక్‌వర్మ్ స్టేబుల్ అయింది. 2025 ఆగస్టు 9న డెబియన్ 13 ట్రిక్సీ రావడంతో బుక్‌వర్మ్ ఓల్డ్‌స్టేబుల్ అయింది.

ఇప్పుడు మీ సోర్సెస్ ఫైల్లో బుక్‌వర్మ్ అని ఉందనుకోండి. ఆగస్టు 9 తర్వాత ఆప్ట్‌కు కనిపించే మార్పు 'సూట్, స్టేబుల్ నుంచి ఓల్డ్‌స్టేబుల్‌కు'. మీ విడుదల అదే, ప్యాకేజీలు అవే, దాని హోదా మాత్రమే మారింది. ఒప్పుకోవచ్చు (కింద చెప్పబోయే కారణంగా ఇప్పటి ఆప్ట్ దీన్ని అడగకుండానే ఒప్పుకుని, ఒక నోటీసు మాత్రం ఇస్తుంది), పిన్‌లు ఏమైనా రాసుకుని ఉంటే వాటిని మాత్రం సరిచూసుకోవాలి. అదే మీ ఫైల్లో స్టేబుల్ అని ఉంటే వచ్చే మెసేజ్ వేరు, 'కోడ్‌నేమ్, బుక్‌వర్మ్ నుంచి ట్రిక్సీకి'. హోదా అదే, లోపల కూర్చున్న విడుదలే మారిపోయింది. ఇక్కడ వై కొట్టి, వెంటనే అలవాటుగా అప్‌గ్రేడ్ కూడా కొట్టారంటే, రిలీజ్ నోట్స్ చదవకుండా, బ్యాకప్ తీయకుండా, ఒక పెద్ద వెర్షన్ మార్పును క్లాసు నడుస్తుండగా మొదలుపెట్టినట్టే. మామూలు అప్‌గ్రేడ్ కమాండ్ పాత ప్యాకేజీలను తీసేయదు కాబట్టి కొన్ని ఎక్కుతాయి, కొన్ని వెనక్కి ఆగిపోతాయి, మొదట్లో చెప్పిన సగం సగం సిస్టమ్ సరిగ్గా ఇలాగే తయారవుతుంది. మెసేజ్‌లో సూట్ అన్న మాట ఉందా, కోడ్‌నేమ్ అన్న మాట ఉందా అన్నది అందుకే చదవాలి. ఫోన్ చేసిన మనిషిని అవతలివాళ్లు ముందుగా అడగాల్సింది కూడా ఇదే.

ఈ ప్రశ్న విడుదల హోదా మారినప్పుడు కూడా అడ్డుపడటం సరైనదేనా అన్న చర్చ డెబియన్‌లోనే నడిచింది. సూట్ మార్పు ప్రతి విడుదలకూ తప్పకుండా జరిగేది, ప్రమాదం లేనిది, దానికి కూడా ప్రపంచంలోని సర్వర్లన్నీ ఆగాలా అన్నది అభ్యంతరం. చివరికి సూట్ మార్పును ఆప్ట్ తనంతట తానే ఒప్పుకునేలా మార్చారు, పాత విడుదల వాడుతున్నవాళ్ల కోసం ఆ మార్పును 2021 జూన్ 19న వచ్చిన డెబియన్ 10.10లో కూడా ఇచ్చారు. కొత్త విడుదల డెబియన్ 11 బుల్స్‌ఐ వచ్చింది అదే ఏడాది ఆగస్టు 14న. అంటే మధ్యలో ఉన్న ఎనిమిది వారాల్లో ఒక్కసారైనా అప్‌డేట్ అయిన మెషీన్లకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ఎనిమిది వారాలూ స్విచాఫ్‌లో ఉన్నవాటికే వచ్చింది. కరోనా రెండో వేవ్ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బడులు మళ్లీ తెరిచింది ఆ ఆగస్టు 16న, కాబట్టి వేసవి నుంచి తాళం వేసి ఉన్న ఏ ల్యాబ్‌లోనైనా పాత డెబియన్ ఉండి ఉంటే, తెరిచిన రోజే ఎర్రర్ ఎదురై ఉంటుంది. సమస్యకు మందు ఒక అప్‌డేట్‌లో ఉంది, ఆ అప్‌డేట్ తీసుకోవాలంటే ముందు సమస్య దాటాలి. ఎక్కువ రోజులు ఆఫ్‌లో ఉండే మెషీన్ల విషయంలో ఇది ఇప్పటికీ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల కోసం కొని అల్మారాలో పెట్టేసే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులైతే మరీ. వాటి బస్టర్ (డెబియన్ 10) రిపో ఒకటి తన సూట్‌ను 'టెస్టింగ్ నుంచి ఓల్డ్‌స్టేబుల్‌కు' అని చూపించేది, మధ్యలో స్టేబుల్ అన్న మెట్టే లేకుండా. చూసిన కుర్రాళ్లకు టెన్షన్ పుట్టడం సహజం, నిజానికి అందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు.

దీనికి అందరూ చెప్పుకునే పరిష్కారాల్లో ఒకటి మంచిదే. ఆప్ట్-గెట్ అప్‌డేట్‌కు ఎలో-రిలీజ్‌ఇన్ఫో-ఛేంజ్ అనే ఆప్షన్ ఒక్కసారి జతచేయడం. ఒకసారి ఒప్పుకుంటే కొత్త ఇన్‌రిలీజ్ డిస్క్‌లో కూర్చుంటుంది, రెండోసారి పోల్చినప్పుడు తేడా ఉండదు, ప్రశ్న కూడా రాదు. ఆ ఆప్షన్ చివర సూట్ అని కలిపితే సూట్ మార్పును మాత్రమే ఒప్పుకుంటుంది, మిగతావాటికి అడ్డు అలాగే ఉంటుంది. స్క్రిప్టుల్లో పెట్టాలంటే ఈ రెండో రూపమే పెట్టాలి. మొత్తం ఆప్షన్‌ను క్రాన్‌లోనో, కాన్ఫిగరేషన్ ఫైల్లోనో శాశ్వతంగా రాసి వదిలేస్తే, కోడ్‌నేమ్ మారిన రోజున కూడా ఎవరూ అడగరు. సోర్సెస్‌లో స్టేబుల్ అని ఉండి, క్రాన్‌లో అప్‌గ్రేడ్ కూడా నడుస్తుంటే ఆ రాత్రికి ఆ సర్వర్‌ను ఆపేవాళ్లు లేరు.

ఇంకో చిట్కా చాలా చోట్ల తిరుగుతుంది, వార్ లిబ్ ఆప్ట్ కింద ఉన్న లిస్ట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ డిలీట్ చేసి మళ్లీ అప్‌డేట్ కొట్టమని. పని చేస్తుంది. ఎందుకు పని చేస్తుందో తెలిస్తే మాత్రం వాడబుద్ధి కాదు, పోల్చడానికి పాత ఫైలే లేకుండా చేశారు కాబట్టి ఆప్ట్‌కు మార్పు కనిపించలేదు, అంతే. డాకర్ (ప్రోగ్రాములను డబ్బాల్లా కట్టి నడిపే పద్ధతి) ఇమేజ్‌లు కట్టేటప్పుడు ఈ ప్రశ్న సాధారణంగా రాకపోవడానికీ ఇదే కారణం, అక్కడ పాత జాబితాలను ముందే తుడిచేసి ఉంటారు. అందుకే డాకర్‌లో సోర్సెస్ లైను కోడ్‌నేమ్‌తోనే ఉందో లేదో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి, అక్కడ అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. ఇక సోర్సెస్ లైనులో 'ట్రస్టెడ్ ఈక్వల్స్ ఎస్' అని రాయమనే సలహా అన్నిటికంటే ప్రమాదం. అది ఈ ప్రశ్నకు సంబంధించినది కూడా కాదు, సంతకాన్నే పట్టించుకోవద్దని చెప్పడం.

మూడో పార్టీ రిపోలలో వచ్చే మార్పులు ఇంకో రకం. అక్కడ ఎక్కువగా మారేవి ఆరిజిన్, లేబుల్. 2019లో గూగుల్ క్రోమ్ రిపో తన ఆరిజిన్‌ను 'గూగుల్ ఇంక్' నుంచి 'గూగుల్ ఎల్‌ఎల్‌సీ'కి మార్చుకుంది, కంపెనీ చట్టబద్ధమైన పేరు మారింది కాబట్టి. పీహెచ్‌పీ ప్యాకేజీల కోసం ఉబుంటు అనే లినక్స్‌లో చాలామంది చేర్చుకునే పీపీఏ (వ్యక్తులు సొంతంగా నడిపే రిపో) ఒకటి లేబుల్ మార్చుకున్నప్పుడూ ఇదే ప్రశ్న వచ్చింది. ఇలాంటప్పుడు చేయాల్సింది, ఆ ప్రాజెక్టు అధికారిక పేజీలో ఈ మార్పు గురించి ఏమైనా రాశారేమో ఒకసారి చూడటం. కారణం దొరికితే ఒప్పుకోవచ్చు. ఏ కారణమూ కనిపించకుండా ఆరిజిన్ మొత్తం వేరే పేరుకు మారితే, ఆ రిపో చేతులు మారిందేమో తేలేదాకా ఆగడం మంచిది, ఒక వారం అప్‌డేట్ ఆలస్యమైతే పెద్ద నష్టం లేదు.

ఉబుంటు వాడేవాళ్లకు అసలు డిస్ట్రిబ్యూషన్ రిపోల నుంచి ఈ ప్రశ్న సాధారణంగా రాదు. అక్కడ సూట్, కోడ్‌నేమ్ రెండూ ఒకటే పేరు, ఉదాహరణకు 22.04లో రెండు చోట్లా జామీ అనే ఉంటుంది, స్థానాన్ని చెప్పే పేరు వాడకంలో లేదు. కాబట్టి అక్కడ అడిగితే అది దాదాపు ఎప్పుడూ పక్కనుంచి చేర్చుకున్న రిపో గురించే. ఉబుంటుకు ఉన్న బాధ వేరు, తొమ్మిది నెలల విడుదలలు గడువు అయిపోయాక మామూలు మిర్రర్ల (నకలు సర్వర్ల) నుంచి తీసేసి ఓల్డ్-రిలీజెస్ సర్వర్‌కు మార్చేస్తారు, అప్పుడు ప్రశ్న రాదు, 404 (ఫైలు దొరకలేదన్న ఎర్రర్) వస్తుంది. ల్యాబ్ మెషీన్లలో ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే విడుదల) కాకుండా మధ్య విడుదలలు వేయడం అందుకే తప్పు.

ఆప్ట్ అడగని మార్పులు ఇలాంటివి ఇంకా ఉన్నాయి, ఎక్కువమంది దెబ్బతినేది వీటి దగ్గరే. డెబియన్ 10 వరకూ సెక్యూరిటీ రిపో పేరు 'బస్టర్/అప్‌డేట్స్' తరహాలో ఉండేది, 11 నుంచి 'బుల్స్‌ఐ-సెక్యూరిటీ' అయింది. సోర్సెస్ ఫైల్లో బస్టర్ అన్న చోటల్లా బుల్స్‌ఐ అని మార్చేసి వదిలేసినవాళ్లకు మిగతా లైన్లన్నీ పని చేశాయి, సెక్యూరిటీ లైను ఒక్కటే రిలీజ్ ఫైలు లేదని ఎర్రర్ ఇచ్చింది. ఉన్న లైన్లన్నిటిలో పోకూడనిది అదొక్కటే. డెబియన్ 12లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగం వచ్చింది, వైఫై చిప్‌ల ఫర్మ్‌వేర్ అంతా నాన్-ఫ్రీ నుంచి అందులోకి మారింది. ఆ మాట సోర్సెస్ లైనులో చేర్చకపోతే పాత ఫర్మ్‌వేర్ అలాగే ఉండిపోతుంది, ల్యాప్‌టాప్ ఆగదు, అప్‌డేట్ మాత్రం రాదు. దీని గురించి ఆప్ట్ కింద ఒక చిన్న నోటీసు ఇచ్చి ఊరుకుంటుంది, అడ్డుపడదు.

కుబర్నెటిస్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వాళ్లయితే రిపోనే మొత్తంగా తరలించారు. గూగుల్ దగ్గర ఉన్న పాత రిపోను 2023 సెప్టెంబరులో ఎక్కడిదక్కడ ఆపేశారు, 2024 మార్చిలో తీసేశారు. కొత్త చోట ప్రతి చిన్న వెర్షన్‌కూ వేరే రిపో, అంటే వెర్షన్ పెంచాలంటే సోర్సెస్ లైను కూడా మార్చాల్సిందే. సెంట్‌ఓఎస్ 8 అనే ఇంకో లినక్స్ కథ అందరికీ తెలిసిందే, గడువు 2021 డిసెంబరు 31న ముగిసింది, ఆ తర్వాత నెలకు మిర్రర్లు ఖాళీ అయ్యాయి, మిర్రర్‌లిస్ట్‌లో అడ్రసులే లేవన్న ఎర్రర్‌తో, అక్కడ ఆప్ట్ పని చేసే డీఎన్‌ఎఫ్ కమాండ్ నిలిచిపోయింది. ఆప్ట్ లాగా ముందు నిలబెట్టి అడిగే పద్ధతి అక్కడ లేదు. చాలామంది వాల్ట్ సర్వర్ అడ్రస్ పెట్టుకుని ఎర్రర్ పోగొట్టుకున్నారు. ఎర్రర్ పోయింది, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం అక్కడికీ రావు, అది పాత ప్యాకేజీలు దాచిపెట్టే చోటు మాత్రమే.

ఒక పొరపాటు గుర్తింపు గురించి కూడా చెప్పాలి. పాత ల్యాబ్ కంప్యూటర్లలో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఎప్పుడో వెనక్కి పోయి ఉంటుంది, అప్పుడు ఆప్ట్ 'ఈ రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు' అంటుంది. అది రిపో మార్పు కాదు, తేదీ సరిచేస్తే పోతుంది.

మీ మెషీన్ ఏ పరిస్థితిలో ఉందో తెలుసుకోవడానికి ఆప్ట్ పాలసీ అనే కమాండ్ చాలు, రూట్ కూడా అక్కర్లేదు. ప్రతి రిపో పక్కనా చిన్న అక్షరాలతో ఒక లైను వస్తుంది, ఓ అంటే ఆరిజిన్, ఎల్ అంటే లేబుల్, వీ అంటే వెర్షన్, ఎన్ అంటే కోడ్‌నేమ్, ఏ అంటే సూట్. సూట్‌కు ఆర్కైవ్ అన్న పాత పేరు ఉండేది, ఏ అక్షరం అక్కడి నుంచి వచ్చింది. ఆ లైన్లు చూసి, సోర్సెస్ ఫైల్లో స్టేబుల్ అన్న మాట ఎక్కడైనా ఉంటే ఇప్పుడు నడుస్తున్న కోడ్‌నేమ్‌తో మార్చేయడం పది నిమిషాల పని. ఉబుంటు 24.04 నుంచి ఈ వివరాలు సోర్సెస్ డాట్ లిస్ట్‌లో కాకుండా సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డి ఫోల్డర్‌లో ఉబుంటు డాట్ సోర్సెస్ అనే ఫైల్లో ఉంటాయి, పాత ఫైలు ఖాళీగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

ఇప్పటికే కోడ్‌నేమ్ మార్పుకు వై కొట్టేసి ఉంటే? అప్‌డేట్ చేసేది జాబితాలు దింపడం మాత్రమే, ఒక్క ప్యాకేజీని కూడా ముట్టుకోదు. ఆ తర్వాత అప్‌గ్రేడ్ కొట్టకపోయి ఉంటే ఏమీ చెడలేదు. సోర్సెస్‌లో స్టేబుల్ తీసేసి పాత కోడ్‌నేమ్ రాసి, మళ్లీ అప్‌డేట్ కొడితే వెనక్కి వచ్చినట్టే. అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఈలోపు ఏమైనా చేసిందేమో వార్ లాగ్ ఆప్ట్‌లోని హిస్టరీ ఫైల్లో చూసుకోవాలి. అప్‌గ్రేడ్ కూడా నడిచి సగంలో ఉంటే మాత్రం వెనక్కి వెళ్లే దారి వెతకొద్దు, ప్యాకేజీలను పాత వెర్షన్లకు దించడాన్ని డెబియన్ సపోర్ట్ చేయదు. ముందు డేటా బయటికి కాపీ చేసుకుని, కొత్త విడుదల రిలీజ్ నోట్స్‌లో అప్‌గ్రేడ్ అధ్యాయం చదివి, సెక్యూరిటీ లైనూ ఫర్మ్‌వేర్ విభాగమూ సరిచేసుకుని, ఫుల్-అప్‌గ్రేడ్‌తో ముందుకే వెళ్లి పూర్తి చేయాలి. మధ్యలో ఒక విడుదలను దాటేసి దూకడానికి కూడా సపోర్ట్ లేదు, బుల్స్‌ఐలో ఉన్నవాళ్లు బుక్‌వర్మ్ మీదుగానే ట్రిక్సీకి రావాలి. ఆ పనికి సెలవు రోజు చూసుకుని, యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందో లేదో ముందే పరీక్షించి మొదలుపెట్టండి. ప్యాకేజీలు విప్పుతుండగా కరెంటు పోతే, మళ్లీ ఆన్ చేశాక డీపీకేజీ కాన్ఫిగర్ ఆల్ కొట్టి, ఆగిన చోటి నుంచి ముందుకు కదిలించాల్సి ఉంటుంది.